అనిత మేడం రన్నింగ్ నోట్స్

కోడలికి అత్త మీద కోపం రావచ్చు, విసుగు రావచ్చు, కొంత భయమూ ఉండొచ్చు. ఇవన్నీ లోకం ఎరిగినవే. నాకు మాత్రం ఆ వానాకాలం మా అత్తమ్మ మీద అసూయ పుట్టింది. అలాంటిలాంటి అసూయ కాదు, అన్నం కలుపుకుంటుంటే ముద్ద దిగనంత అసూయ.

ఆవిడ కంబోడియా వెళ్తోంది. అరవై ఒకటో ఏట, మోకాళ్లకు పట్టీలు వేసుకుని, కంపోట్ అనే ఊరి దగ్గర ఒక పల్లెలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వాలంటీరుగా వెళ్తోంది. ఆరు వారాలు. రోజుకు నాలుగు గంటలు పాఠం చెబితే గది, తిండి వాళ్లే ఇస్తారు. శని ఆదివారాలు ఎక్కడైనా తిరగొచ్చు. నది ఉంది, మిరియాల తోటలున్నాయి, గంట దూరంలో సముద్రం ఉంది.

ఆ సీటు నాది.

నేను అమీర్‌పేట మైత్రీవనంలో పదకొండేళ్లుగా స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. నా దగ్గర నోరు విప్పడం నేర్చుకున్నవాళ్లు దుబాయ్‌లో ఉన్నారు, డబ్లిన్‌లో ఉన్నారు. నా పాస్‌పోర్టు ఎనిమిదేళ్లుగా బీరువాలో చీరల కింద ఉంది. దానిమీద ఒక్క ముద్ర లేదు. ఫిబ్రవరిలో ఎవరికీ చెప్పకుండా ఆ బడికి దరఖాస్తు పెట్టాను. ఏప్రిల్‌లో రమ్మని మెయిలొచ్చింది. సిరిసిల్లలో ఉన్న మా అమ్మకు కూడా చెప్పకుండా నెల రోజులు కూర్చుని ఆ పిల్లల కోసం పాఠాలు తయారు చేశాను. చేపలు, పడవలు, వాన, గేదెలు, అన్నిటికీ బొమ్మలు గీశాను, రంగులు వేశాను, ఆటలు కట్టాను. అన్నీ ఒక పచ్చ ఫైల్లో పెట్టి, మొదటి పేజీ మీద నా పేరు, బయల్దేరే తారీఖు రాసుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో చెప్పాను.

ముందు ఫైలు, తర్వాత మాట. నా తెలివి అలాంటిది.

"ఆరు వారాలా?" అన్నాడు మా ఆయన వివేక్. "మన ధాత్రి స్కూలు? జూలైలో నాకు ఆఫీసులో ప్రాజెక్టు రిలీజ్ ఉంది. అమ్మ ఒక్కతే ఎలా చేస్తుంది?"

మా ఇన్‌స్టిట్యూట్ ప్రమోద్ సార్ అంతకు ముందు రోజే తేల్చేశాడు. "డిగ్రీ రిజల్ట్స్ వచ్చే టైమిది. పోతే పోండి మేడం, బ్యాచ్ మాత్రం ఇంకొకలకి ఇస్త." అమీర్‌పేటలో ఒకసారి బ్యాచ్ చేయి దాటితే మళ్లీ రాదు.

అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ మార్చి నెలాఖరునే రిటైరైంది. ఎర్రమంజిల్లో సర్కారు ఆఫీసులో సూపరింటెండెంట్. "నేను చూసుకుంటాలే, వెళ్లిరా" అంటుందేమోనని ఎదురు చూశాను. ఆ ఒక్క ముక్క అంటే చాలు. ఆవిడ మజ్జిగన్నంలో మాగాయ టెంక చీకుతూ కూర్చుంది. ఆవిడ అనలేదు, నేను అడగలేదు. కంచాలు తీసేశాను.

మూడో రోజు కాఫీ తాగుతూ అడిగింది. "ఆ బడివాళ్లకి రానని రాసేశావా?"

"రేపు రాస్తా అత్తమ్మా."

"వాళ్లకి వయసు పట్టింపు ఏమన్నా ఉందేంటి?"

నాకు అర్థమయ్యేసరికి వివేక్ అందుకున్నాడు. "అమ్మా, ఈ వయసులో నీకెందుకివన్నీ?"

"నేను నిన్ను అడగట్లేదురా, చెప్తున్నాను" అంది.

అంతే, అయిపోయింది. ఎలా అడగాలా అని నేను మూడు నెలలు నలిగిన సంగతి ఆవిడ గ్లాసు కింద పెట్టేలోపు తేల్చేసింది. నా బదులు మా అత్తగారు హైమవతి వస్తారనే మెయిలు కూడా నా చేతే రాయించింది. వాళ్లు ఫోన్లో పావుగంట మాట్లాడారు. ఈవిడ "విత్ రిఫరెన్స్ టు యువర్ క్వశ్చన్" అంటూ ఆఫీసు ఉత్తరాల ఇంగ్లీషులో జవాబులు చెప్పింది. తలుపు చాటున నిలబడి, వద్దనాలి దేవుడా, వద్దనాలి అని మొక్కుకున్నాను. రమ్మన్నారు. తత్కాల్లో పాస్‌పోర్టు కూడా వచ్చేసింది. నా మొక్కు వినే తీరిక ఏ దేవుడికీ లేకపోయింది.

బయల్దేరడానికి వారం ముందు ఆవిడ నా పక్కన వచ్చి కూర్చుంది. "అనితా, చిన్నపిల్లలకి చెప్పే పాఠాలేమన్నా రాసిపెట్టుకున్నావా?"

పచ్చ ఫైలు అప్పుడు నా టేబుల్ సొరుగులోనే ఉంది.

"లేదత్తమ్మా. రాద్దామనుకునే లోపలే వద్దనుకుంటిమి గద. నా రన్నింగ్ నోట్స్ ఉంది, గదే తీస్కపోండి."

అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది.

రన్నింగ్ నోట్స్ గురించి చెప్పాలి. అమీర్‌పేటలో మేష్టారు నోటితో చెప్పినదీ, బోర్డు మీద రాసినదీ పిల్లలు పొల్లు పోకుండా రాసుకుంటారు. అందులో మంచి దస్తూరీ ఉన్నవాళ్ల కాపీని జిరాక్స్ షాపులు స్పైరల్ వేసి, మేష్టారి పేరు పెట్టి అమ్ముతాయి. "అనిత మేడం రన్నింగ్ నోట్స్" అంటే ముప్పై రోజుల పాఠం. అదంతా డిగ్రీలు పట్టుకుని హాస్టళ్లలో దిగి ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ల కోసం. మొదటి రోజు ఇంటర్వ్యూలో తన గురించి చెప్పుకోవడం, మూడో రోజు దారి అడగడం, పదో రోజు తప్పిన సబ్జెక్టుల, అంటే బ్యాక్‌లాగ్‌ల గురించి హెచ్‌ఆర్ వాళ్లకు సర్దిచెప్పడం. ఎనిమిదేళ్ల కంబోడియా పిల్లకు అది ఎందుకూ పనికిరాదు.

పైగా మా అత్తమ్మ ముప్పై నాలుగేళ్లు ఫైల్లో ఉన్నదానికి ఒక ముక్క ఎక్కువ గానీ తక్కువ గానీ రాయని మనిషి. నోట్సులో ఏముంటే అదే చెబుతుంది. అది తెలిసే ఇచ్చాను. అక్కడ అభాసుపాలై రావాలని నా కోరిక. ఇప్పుడు ఇలా రాయడానికి సిగ్గేస్తోంది గానీ, అప్పుడు వేయలేదు.

పచ్చ ఫైలు సొరుగులో ఉంటే ప్రమాదమని, అటక మీద చిన్న కుక్కర్ డబ్బాలో, కుక్కర్ కింద పెట్టేశాను.

ఆ సాయంత్రమే ఆవిడ అంది. "అటక మీద మూడు లీటర్ల కుక్కర్ ఉండాలి కదూ? పట్టుకెళ్తాను. వాళ్ల వంట నాకు పడుతుందో లేదో."

"రేపు దించుతా లెండి" అన్నాను. మర్నాడు పొద్దున్నే క్లాసుంది. ఫైలు మార్చడానికి సందు దొరకలేదు. మధ్యాహ్నం పరుగులాంటి నడకతో ఇంటికొచ్చేసరికి ఆవిడ సూట్‌కేసు సర్దుకుంటోంది. "కుక్కర్ వద్దులే అమ్మాయ్. బరువు. అక్కడ ఏదో ఒకటి ఉంటుంది" అంది. నేను స్టూలెక్కి చూశాను. డబ్బా ఎక్కడిదక్కడే ఉంది, ఫైలు కుక్కర్ కిందే ఉంది. బతికాననుకున్నాను.

నోట్సు కాపీకి మైత్రీవనం కింద రాజేందర్ జిరాక్స్ షాపుకు ఇద్దరం కలిసే వెళ్లాం. అతను ఎగిరి గంతేశాడు. "ఏంది మేడం, మన నోట్స్ కంబోడియా పోతుందా? జర ఆగుండ్రి, ఫస్ట్ పేజీల నా షాపు స్టాంపు సుత ఏస్త. మనది ఇంటర్నేషనల్ అయితది!" అని నా వైపు తిరిగి, "అమ్మ పోతుంది సరే, మీరెప్పుడు పోతరు?" అన్నాడు. వాన పట్టుకుందని చెప్పి గబగబా గొడుగు విప్పాను. వాన లేదు.

జూలై మొదటి వారంలో ఆవిడ వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఫోన్లో ఫొటోలు దిగడం మొదలు. నది మీద పడవలో అత్తమ్మ. మిరియాల తోటలో, చంకలో గొడుగుతో అత్తమ్మ. సముద్రపొడ్డు బజార్లో రెండు చేతులా పీతలు ఎత్తి పట్టుకున్న అత్తమ్మ. "మన అంతర్వేది పీతల్లాగే ఉన్నాయి, రుచి మాత్రం వీటిదే" అని కింద రాత. మా చుట్టాలందరూ గుప్పుగుప్పున చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను, పళ్లు నూరుకుంటూ. తర్వాత పీతల ఫొటో పెద్దది చేసి వెనక సముద్రం చూశాను. ఎంతసేపు చూశానో చెప్పను.

ఆవిడ ముప్పై నాలుగేళ్లు పంజాగుట్ట నుంచి ఎర్రమంజిల్ వెళ్లొచ్చింది. మెట్రోలో అయితే అటువైపు ఒక్క స్టాపు. నేను ఇటువైపు ఒక్క స్టాపు, అమీర్‌పేట. ఇద్దరం ఒకే గానుగ చుట్టూ తిరిగినవాళ్లమే. అందులోంచి ఆవిడ ఒక్కతీ బయటపడిందన్నదే నా కడుపుమంట.

ఆ వారమే క్లాసులో "ఇంతవరకు ఏయే ఊళ్లు చూశారు" అని ఇంగ్లీషులో అడగడం, చెప్పడం నేర్పుతున్నాను. జగిత్యాల నుంచి వచ్చిన హైందవి లేచింది. "మేడం, మరి మీరు ఏ కంట్రీ పోయిండ్రు?"

"ముందు నీ వాక్యం పూర్తి చెయ్" అన్నాను.

ఇల్లు మాత్రం నేను అనుకున్నట్టు కూలిపోలేదు. మొదటి వారం ధాత్రి ఒక జడ పైకి, ఒక జడ కిందికి వేసుకుని స్కూలుకెళ్లింది. జడలు సరిగ్గా వేసి పంపమని టీచరు డైరీలో రాసింది. వివేక్ రోషపడి ఫోన్లో వీడియోలు చూసి మరీ నేర్చుకున్నాడు. నాలుగో వారానికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసు మీటింగులో మాట్లాడుతూనే, కూతురికి రెండు జడలు అల్లి రిబ్బన్లు కడుతున్నాడు. డబ్బాలో టమాటా అన్నం కూడా అతనే పెడుతున్నాడు. వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న నాకు సంతోషం వేయాలి కదా. వేయలేదు. ఇదంతా మే నెలలో ఎందుకు రాలేదు ఈ మనిషికి అని ఒళ్లు మండింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, బెండకాయల్ని ఠపాఠపా నరికాను.

"ఏమైంది?" అన్నాడు.

"ఏంలేదు. ముదురు కాయలు" అన్నాను.

ఐదో వారంలో ఒక రోజు పొద్దున్నే, స్కూలు టైము కాకముందే అత్తమ్మ వీడియో కాల్ చేసింది. ధాత్రి నా ఒళ్లో కూర్చుని నొక్కింది. రేకుల షెడ్డు, చెక్క బల్లలు, ఇరవై మందికి పైగా పిల్లలు. మెడలో గళ్ల తువ్వాలు వేసుకుని, నల్లబడి, పదేళ్లు చిన్నదైనట్టున్న మా అత్తమ్మ చేత్తో సైగ చేసింది. పిల్లలంతా లేచి నిలబడ్డారు.

"గుడ్ మార్నింగ్ మేడం! థ్యాంక్యూ ఫర్ దిస్ ఆపర్చునిటీ!"

ముందు పళ్లు రెండు ఊడిన ఒక పిల్ల ముందుకొచ్చి చేతులు కట్టుకుంది. "ఐ యామ్ సోఖా. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. మై స్ట్రెంగ్త్ ఈజ్ హార్డ్ వర్క్. ఐ హావ్ నో బ్యాక్‌లాగ్స్. ఐ యామ్ రెడీ టు రిలొకేట్!"

వివేక్ వెనకనుంచి పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల తడబడకుండా చెప్పింది. నేను ఎక్కడ ఆగమంటానో అక్కడే ఆగింది. మా క్లాసులో ఇంజనీర్లు ఇరవై రోజులకు గానీ అలా చెప్పలేరు.

"ఇప్పుడిది చూడు అనితా" అని అత్తమ్మ ఫోను బోర్డు వైపు తిప్పింది. బోర్డు మీద రంగు సుద్దలతో అమీర్‌పేట గీసి ఉంది. మెట్రో స్తంభాలు, మైత్రీవనం, రాజేందర్ జిరాక్స్ షాపు, పంజాగుట్ట చౌరస్తా. ఒక కుర్రాడు లేచి అడిగాడు. "ఎక్స్‌క్యూజ్ మీ, హౌ డు ఐ గో టు పంజాగుట్ట?"

"టేక్ ద మెట్రో! వన్ స్టాప్ ఓన్లీ!" అని క్లాసంతా అరిచింది.

"హూ లివ్స్ ఇన్ పంజాగుట్ట?" అంది అత్తమ్మ.

"అనితా టీచర్!"

అందరూ నా వైపు చేతులూపారు. సోఖా ఫోను దగ్గరగా వచ్చి నా మొహంలోకి చూసి, ఇంకా గట్టిగా ఊపింది.

ఆ పిల్లలు నా పేరు పిలుస్తుంటే నేను అక్కడ లేనన్న ఏడుపు ఒకపక్క. వాళ్ల కోసం గీసిన చేపలూ పడవలూ కుక్కర్ కింద పడున్నాయన్న సిగ్గు ఇంకోపక్క. రెండిట్లో ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను. "హలో... హలో... వినిపిస్తలేదు" అని కాల్ కట్ చేశాను.

"అమ్మా, నెట్‌వర్క్ మంచిగనే ఉంది గద?" అంది ధాత్రి.

ఆగస్టు మూడో వారంలో అత్తమ్మ తిరిగొచ్చింది. చివరి నాలుగు రోజులు ఒంటరిగా బస్సెక్కి ఆంకోర్ గుళ్లు కూడా చూసి వచ్చింది. బాగా చిక్కింది. చెంపలు లోపలికి పోయాయి. ధాత్రికి గళ్ల తువ్వాలు, వివేక్‌కి మిరియాలు, నాకు పిల్లలంతా పేర్లు రాసిన ఒక కాగితం తెచ్చింది.

మూడో రోజు ఆదివారం. పొద్దున్నే ఆవిడ స్టవ్ మీద పప్పు పెట్టి ఆవిరి వాసన పీలుస్తూ నిలబడింది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"అత్తమ్మా, నేనొక తప్పు చేసిన."

"కుక్కర్ డబ్బాలో పెట్టిన ఫైలు సంగతేనా?"

ఆవిడ మంట తగ్గించింది.

"నేను కుక్కర్ అడిగిన మర్నాడు నువ్వు క్లాసుకెళ్లాక డబ్బా దించాను కదా. అంతా చూశాను. ఆ గేదె మీద కూర్చున్న కొంగ బొమ్మ ఎంత బాగా వేశావమ్మా! చూసి మళ్లీ అలాగే పెట్టేశాను."

"మరి తీస్కపోవద్దా? నన్నొక మాట అడగొద్దా?"

"ఎలా తీసుకెళ్తాను? పైన నీ పేరుంది. తారీఖుంది. ఇంకొకళ్ల పేరు మీదున్న ఫైలు నేను నా సర్వీసులో ఎప్పుడూ తియ్యలేదు." నా మొహం చూడకుండా అంది. "సీటు మాత్రం తీసుకున్నాను. అబద్ధం ఎందుకు, నాకూ వెళ్లాలనిపించింది. ఆ రోజు నేను ఇల్లు చూసుకుంటానంటే నువ్వు వెళ్లేదానివి. మాట నోటిదాకా వచ్చింది, టెంక అడ్డం పెట్టుకుని మింగేశాను. నాకూ కుళ్లేనమ్మా. నీకు ముప్పై ఆరేళ్లు, ఇంకా టైముంది కదా అని."

ఆవిడకు నా మీద అసూయ! నా వయసు మీద! ఇద్దరం ఆ వంటింట్లో ఒకరినొకరు చూసుకోకుండా, ఉడుకుతున్న పప్పు వైపు చూస్తూ నిలబడ్డాం. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కొంగు ఇవ్వలేదు గానీ, గరిటె నా చేతికిచ్చి తిప్పమంది.

"నవంబర్లో ఆ బడివాళ్లకి ఎవరూ లేరట" అంది కాసేపటికి. "నోట్స్ రాసినావిడ వస్తుందా అని ఆ పళ్లూడిన పిల్ల రోజూ అడిగేది. తెలీదని చెప్పాను. నీ తరఫున మాటివ్వడానికి నేనెవర్ని."

గరిటె పక్కన పెట్టి హాల్లోకి వచ్చాను. వివేక్ సోఫా మీద కూర్చుని, ధాత్రిని ముందు కూర్చోబెట్టుకుని, నోట్లో రిబ్బను పట్టుకుని పాపిడి తీస్తున్నాడు.

"నవంబర్ల నేను కంబోడియా పోతున్న. ఆరు వారాలు" అన్నాను. అడగలేదు. ప్రమోద్ సార్‌కి కూడా సోమవారం ఇలాగే చెప్పాలని అప్పుడే అనుకున్నాను. బ్యాచ్ పోతే పోనీ.

వివేక్ నోట్లోంచి రిబ్బను తీశాడు. నా మొహం చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వాళ్లమ్మ మొహం చూశాడు. "టికెట్ ఇప్పుడే తీసేయ్, తర్వాత రేటు పెరుగుతుంది" అని మళ్లీ జడలో పడ్డాడు.

స్టూలు లాక్కుని అటక కింద వేసుకున్నాను. కుక్కర్ డబ్బా ముందుకు జరిపి, మూత తీసి, కుక్కర్ పైకెత్తి ఫైలు లాగాను. దుమ్ము పట్టలేదు. తారీఖు కొట్టేసి కొత్తది వేయాలి. స్టూలు దిగబోతుంటే కింద నుంచి అత్తమ్మ చేయి చాచింది, ఫైలు కోసం అనుకుని ఇవ్వబోయాను.

"అది కాదమ్మా, కుక్కర్ దింపు" అంది. "అది తీస్తే ఫైలు చూశానని నీకు తెలిసిపోతుందని వదిలేసి వెళ్లాను. ఆరు వారాలు ఉడకని పప్పు తిన్నాను. నువ్వన్నా పట్టుకెళ్లు."